ఉద్యోగ ఒప్పందం: మూసా ప్రవక్త (అ) చూపిన బాట

 



మన ఇళ్ళల్లో ఇంజనీరింగ్ చదివిన పిల్లలు ఇప్పుడు అరుదు కాదు. 2007లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ముస్లింలలోని వెనుకబడిన వర్గాలకు 4 శాతం రిజర్వేషన్ కల్పించింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ కూడా తోడైంది. ఆటో నడిపే తండ్రి, కుట్టుమిషన్ మీద ఇల్లు నెట్టుకొచ్చే తల్లి సైతం కొడుకునో కూతురినో బి.టెక్. చదివించగలిగారు. ఇది అల్లాహ్ అనుగ్రహం. అయితే చదువు పూర్తయి చేతికి ఆఫర్ లెటర్ వచ్చేసరికి ఇంట్లో, బంధువుల్లో, చివరికి మస్జిదు మెట్ల దగ్గర కూడా ఒకటే ప్రశ్న వినిపిస్తుంది: "ప్యాకేజీ ఎంత?" పని ఏమిటి అని అడిగేవారు తక్కువ. ఆ కంపెనీ ఏం చేసి సంపాదిస్తుంది అని అడిగేవారు మరీ తక్కువ.

జీతం గురించి ఆలోచించడం తప్పు కాదు. ధర్మసమ్మతమైన ఉపాధిని వెదుక్కోవడం మోమిన్ బాధ్యత. కాని జీతమొక్కటే తక్కెడలో వేసి తూచితే తూకం తప్పుతుంది. ఏయే అంశాలు ఏ వరుసలో తూచాలో దివ్య ఖుర్ఆన్ ఒక నిరుద్యోగ యువకుని గాథ ద్వారా మనకు నేర్పింది. ఆ యువకుడు హజ్రత్ మూసా (అలైహిస్సలాం).

మద్‌యన్ బావి దగ్గర

సూరా అల్ ఖసస్ (28: 22–28)లో ఈ గాథ ఉంది. మూసా (అ) ఈజిప్టు రాజభవనంలో పెరిగినవారు. ఫిరౌను మనుషులు చంపడానికి వెదుకుతున్నారని తెలిసి కట్టుబట్టలతో బయలుదేరి మద్‌యన్ చేరుకున్నారు. చేతిలో డబ్బు లేదు, తెలిసినవారు లేరు, తల దాచుకునే చోటు లేదు. అక్కడ నీటి రేవు దగ్గర కాపరులంతా తమ పశువులకు నీళ్ళు పెట్టుకుంటుంటే, ఇద్దరు ఆడపిల్లలు తమ మేకలను ఆపుకుని పక్కన నిలబడి ఉన్నారు. తండ్రి వృద్ధుడని, కాపరులు వెళ్ళేదాకా తాము ఆగవలసిందేనని వారు చెప్పారు. మూసా (అ) వారి మేకలకు నీళ్ళు పెట్టారు. కూలి అడగలేదు. వెళ్ళి నీడన కూర్చుని, తన ప్రభువు ఏ మేలు పంపినా తాను దాని అవసరంలో ఉన్నానని వేడుకున్నారు.

కాసేపటికి ఆ ఇద్దరిలో ఒకామె బిడియంగా నడిచివచ్చి, నీళ్ళు పెట్టినందుకు ప్రతిఫలం ఇవ్వడానికి తన తండ్రి పిలుస్తున్నాడని చెప్పింది. మూసా (అ) వెళ్ళారు. అక్కడ ఆ అమ్మాయి తండ్రితో, ఇతన్ని పనిలో పెట్టుకోమని, పనికి పెట్టుకోవడానికి బలం, నమ్మకం రెండూ ఉన్నవాడే మేలైనవాడని చెప్పింది. ఉద్యోగార్హత గురించి పెద్ద పెద్ద పుస్తకాలు చెప్పేదంతా ఆ ఆడబిడ్డ రెండు మాటల్లో చెప్పేసింది! బలం అంటే ఆ పనికి కావలసిన సామర్థ్యం. నమ్మకం అంటే అమానత్.

ఆ తర్వాత తండ్రి తన షరతులు చెప్పాడు. ఎనిమిదేళ్ళు పనిచేయాలి. పదేళ్ళు పూర్తి చేస్తే అది మూసా (అ) ఇష్టం. అందుకు ప్రతిగా తన కుమార్తెల్లో ఒకరినిచ్చి వివాహం చేస్తాడు. తనకు మూసా (అ)ను కష్టపెట్టే ఉద్దేశం లేదని కూడా చెప్పాడు. మూసా (అ) ఆ మాటను ఖాయం చేసుకున్నారు. రెండు గడువుల్లో ఏది పూర్తి చేసినా తనపై ఒత్తిడి ఉండకూడదన్నారు. ఈ మాటకు అల్లాహ్‌నే సాక్షిగా పెట్టుకున్నారు.

సోదరులారా, ఈ ఒప్పందాన్ని ఒకసారి పరికించండి. పని ఏమిటో తెలుసు. గడువు ఎంతో తెలుసు. ప్రతిఫలం ఏమిటో తెలుసు. ఏది తప్పనిసరో, ఏది ఐచ్ఛికమో తెలుసు. యజమాని స్వభావం తెలుసు. అన్నింటికీ మించి, అల్లాహ్ చూస్తున్నాడన్న స్పృహ ఉంది. ఆకలితో, భయంతో ఉన్న స్థితిలో కూడా మూసా (అ) షరతులు తేల్చుకోకుండా తలూపలేదు. తేల్చుకున్న తర్వాత తక్కువ చేయలేదు. రెండు గడువుల్లో ఎక్కువదాన్నే ఆయన పూర్తి చేశారని ఇబ్నె అబ్బాస్ (రజి) తెలిపినట్లు బుఖారీ గ్రంథంలో ఉంది.

సంపాదన మూలం

తూకంలో మొదటి రాయి హలాల్. ప్రళయదినాన ప్రతి మనిషినీ అయిదు విషయాలు అడుగుతారని, వాటిలో ధనం ఎలా సంపాదించావు, ఎందులో ఖర్చు చేశావు అన్నవి కూడా ఉంటాయని దైవప్రవక్త (స) హెచ్చరించారు (తిర్మిజీ). నెలాఖరున ఖాతాలో ఎంత పడిందన్నది ఆ ప్రశ్నల్లో లేదు.

వడ్డీ తినేవానినీ, తినిపించేవానినీ, దాని లెక్క రాసేవానినీ, సాక్షులనూ ఆయన (స) శపించారు (ముస్లిం). ఈ రోజుల్లో లెక్క రాసేది గుమాస్తా కాదు, ప్రోగ్రాం. ఆ ప్రోగ్రాం రాసేది మన పిల్లలే కావచ్చు. 2020 డిసెంబరులో తెలంగాణలో తక్షణ రుణ యాప్‌ల వేధింపులు తాళలేక కొందరు ఆత్మహత్య చేసుకున్నారు. అప్పు తీసుకున్నవారి ఫోన్లలోంచి బంధువుల, స్నేహితుల నంబర్లు లాగి, వారందరికీ ఫోన్లు చేసి పరువు తీశారు. ఆ నంబర్లు లాగే కోడ్ రాసింది కూడా ఎవరో ఒక ఇంజనీరే. అతనికీ మంచి ప్యాకేజీయే ఇచ్చి ఉంటారు.

జూదం సంగతీ అంతే. డబ్బు పందెంతో ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధిస్తూ 2025 ఆగస్టులో పార్లమెంటు చట్టం చేసింది. ఆ వ్యాపారంలో పెద్ద జీతాలకు చేరిన ఎందరో రోజుల్లోనే ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. జూదం షైతాను పని అని ఖుర్ఆన్ (5: 90) పద్నాలుగు శతాబ్దాల క్రితమే స్పష్టం చేసింది.

అయితే ప్రతిదాన్నీ ఒకే గాటన కట్టకూడదు. వడ్డీ లెక్కలు వేసే వ్యవస్థను స్వయంగా తయారు చేయడం వేరు. బ్యాంకు భవనానికి కరెంటు పని చేయడం వేరు. చాలా కంపెనీల్లో పది రకాల ప్రాజెక్టులుంటాయి. కాబట్టి ఆఫర్ లెటరు పట్టుకుని, చేయవలసిన పనిని ఉన్నదున్నట్లు ముఫ్తీగారికి వివరించి అడగండి. కంపెనీ పేరు మాత్రమే చెప్పి ఫత్వా అడిగితే సరైన జవాబు రాదు.

సివిల్ ఇంజనీర్లకు మరో పరీక్ష ఉంది. సైటులో కొలతల పుస్తకం మీద సంతకం పెట్టేటప్పుడు కాంట్రాక్టరు కానుకలు తెస్తాడు. జకాత్ వసూలుకు వెళ్ళిన ఒక వ్యక్తి తిరిగివచ్చి, ఇది మీకు, ఇది నాకు బహుమానంగా ఇచ్చారు అన్నప్పుడు దైవప్రవక్త (స) ఆగ్రహించారు. తల్లిదండ్రుల ఇంట్లోనే కూర్చుని ఉంటే ఆ బహుమానం వచ్చేదా అని నిలదీశారు (బుఖారీ, ముస్లిం). కొత్తగా ఉద్యోగంలో చేరిన ప్రతి యువకుడూ ఆ ప్రశ్నను తన బల్ల మీద రాసి పెట్టుకోవాలి.

జీతం సంగతి అడగడం దురాశ కాదు

ధార్మిక చింతన ఉన్న కొందరు పిల్లలు జీతం గురించి మాట్లాడటానికి సిగ్గుపడతారు. అది భక్తి అనుకుంటారు. కూలివాని చెమట ఆరకముందే అతని కూలి ఇచ్చివేయమని దైవప్రవక్త (స) ఆదేశించారు (ఇబ్నె మాజా). పని పూర్తిగా చేయించుకుని కూలి ఎగ్గొట్టినవానికి వ్యతిరేకంగా ప్రళయదినాన అల్లాహ్ స్వయంగా వాదిగా నిలబడతాడు (బుఖారీ). ఇంతగా కాపాడబడిన హక్కు గురించి వివరంగా తెలుసుకోవడంలో సిగ్గెందుకు? అప్పు వ్యవహారాలను రాసుకోమని ఖుర్ఆన్ (2: 282) ఆదేశించింది. ఉద్యోగ షరతులూ రాతలో ఉంటేనే తగాదాలు రావు.

ఒక ఉదాహరణ చూద్దాం. ఒక కంపెనీ ఏడాదికి 6 లక్షలు అంటుంది. మరొకటి 5 లక్షలు అంటుంది. మొదటిదాంట్లో బేసిక్ 3 లక్షలు. కంపెనీ చెల్లించే పి.ఎఫ్. 12 శాతం చొప్పున 36,000, గ్రాట్యుటీ పేరిట 14,430, పనితీరును బట్టి ఇచ్చే మొత్తం 60,000 అన్నీ ఆ 6 లక్షల్లోనే కలిపి చూపిస్తారు. ఇవి పోగా మిగిలినదాంట్లోంచి ఉద్యోగి వాటా పి.ఎఫ్. మరో 36,000, వృత్తిపన్ను 2,400 పోతాయి. నెలకు చేతికొచ్చేది సుమారు 37,600. రెండోదాంట్లో బేసిక్ 2.5 లక్షలు, పనితీరు మొత్తం అంటూ విడిగా ఏమీ లేదు. ఇదే పద్ధతిలో లెక్క వేస్తే నెలకు చేతికొచ్చేది సుమారు 35,500. కాగితం మీద లక్ష తేడా, చేతిలో మాత్రం నెలకు 2,100 తేడా! మొదటి ఉద్యోగం బెంగళూరులో హాస్టలు అద్దె కట్టుకుని చేయాలి, రెండోది ఇంటి నుంచి వెళ్ళివచ్చే దూరంలో ఉంది అనుకోండి. ఏది ఎక్కువ? లెక్క వేయకుండా పెద్ద అంకె చూసి పరిగెత్తడం తెలివి కాదు.

గ్రాట్యుటీ సాధారణంగా అయిదేళ్ళు వరుసగా పనిచేసినవారికే చేతికొస్తుంది. రెండేళ్ళలో మారిపోదామనుకునేవాడు దాన్ని జీతంగా లెక్కేసుకోకూడదు. గల్ఫ్‌కు వెళ్ళేవారు కూడా ఇలాగే చూసుకోవాలి. యు.ఎ.ఇ.లో ఉద్యోగాంతపు గ్రాట్యుటీని మొదటి అయిదేళ్ళకు ఏడాదికి 21 రోజుల బేసిక్ చొప్పున లెక్కిస్తారు. బేసిక్ తక్కువగా, అలవెన్సులు ఎక్కువగా రాసిన ఒప్పందం మీద సంతకం పెడితే పదేళ్ళ తర్వాత తెలుస్తుంది నష్టం.

పి.ఎఫ్. మీద వచ్చే అదనపు మొత్తం వడ్డీ కాదా అని చాలామంది అడుగుతారు. తప్పనిసరిగా కోత పెట్టే పి.ఎఫ్.లో ఆ డబ్బు ఉద్యోగి చేతికి రాకముందే కోతపడుతుంది కనుక, దానిపై కలిసేది జీతంలో భాగంగానే పరిగణించవచ్చని మన దేశంలోని అనేకమంది ఉలమా అభిప్రాయం. తన ఇష్టంతో అదనంగా జమ చేసే మొత్తం విషయంలో మాత్రం దూరంగా ఉండమని హితవు చెబుతారు.

డబ్బుగా కనపడని సౌకర్యాలు కూడా ఉన్నాయి. జుమా నమాజుకు వెళ్ళనిస్తారా? పనివేళలు ఫజర్ నమాజును మింగేస్తాయా? వృద్ధులైన తల్లిదండ్రుల దగ్గరకు నెలకొకసారైనా రాగలరా? ఆడపిల్లలకు రాత్రి షిఫ్టులుంటే ఇంటివరకు బండి ఏర్పాటు ఉందా? మద్‌యన్ ఒప్పందంలో మూసా (అ)కు దక్కింది రక్షణ, ఇల్లు, సంసారం. వాటి విలువ ఏ నాణేల్లో కడతాం?

బలం: నైపుణ్యాన్ని పెంచుకోవడం

ఇక ఎదుగుదల సంగతి. రాజభవనంలో పెరిగిన మూసా (అ)కు దొరికిన మొదటి ఉద్యోగం మేకలు కాయడం. మేకలు కాయని ప్రవక్త ఎవరూ లేరని, తాను కూడా కొద్దిపాటి ఖీరాతుల కూలికి మక్కావాసుల మేకలు కాశానని మన ప్రవక్త (స) తెలిపారు (బుఖారీ). ఒక్కొక్క మేకనూ కనిపెట్టడం, దారి తప్పినదాన్ని ఓపికగా మందలో కలపడం, తోడేలును పసిగట్టడం నేర్పిన పని అది. రేపు ఒక జాతిని నడిపించబోయేవారికి అంతకన్నా మంచి శిక్షణ ఏముంటుంది? కూలి స్వల్పం, నేర్చుకున్నది అపారం.

మొదటి రెండు మూడేళ్ళు ఏ ఉద్యోగంలోనైనా పని నేర్చుకునే కాలం. నేర్పే పెద్ద ఇంజనీరు ఉన్నాడా, తప్పు చేస్తే దిద్దేవారున్నారా, ఏడాది తర్వాత నాకు ఈ రోజు రానిది ఏం వస్తుంది అని అడగండి. ఏ పనీ అప్పగించకుండా నెలల తరబడి ఖాళీగా కూర్చోబెట్టే 6 లక్షల కన్నా, నిజమైన పని చేయించే 5 లక్షలు మేలు కావచ్చు.

నైపుణ్యం మన ధర్మంలో చిన్న విషయం కాదు. అల్లాహ్ దావూద్ (అ) కోసం ఇనుమును మెత్తబరచి, కవచాలు తయారు చేయమని, వాటి కడియాలను సరైన కొలతతో కూర్చమని ఆదేశించాడు (34: 10–11). ప్రవక్తకు కూడా కొలత తప్పకూడదన్న ఆదేశం! తన చేతి కష్టంతో తిన్నదాని కన్నా మంచి తిండి లేదని చెబుతూ దైవప్రవక్త (స) ఈ దావూద్ (అ)నే ఉదాహరణగా చూపారు (బుఖారీ). కాబట్టి బీము లెక్క సరిగ్గా వేయడం, పరీక్షించకుండా ప్రోగ్రాం విడుదల చేయకపోవడం కూడా దీన్‌లో భాగమే.

నమ్మకం: అబద్ధపు పునాది వద్దు

బలం ఉండి నమ్మకం లేకపోతే ఆ బలమే ప్రమాదం. మన యువకుల్లో కొందరు ఉద్యోగం దొరక్క విసిగి, కన్సల్టెన్సీలకు డబ్బు కట్టి, చేయని ఉద్యోగానికి మూడేళ్ళ అనుభవం ఉన్నట్లు నకిలీ సర్టిఫికెట్లు కొంటున్నారు. ఇంటర్వ్యూలో తమ బదులు మరొకరితో జవాబులు చెప్పిస్తున్నారు. "అందరూ చేస్తున్నదే కదా" అంటున్నారు. యూసుఫ్ (అ) కూడా రాజును పదవి అడిగారు. తాను కాపాడగలవాడినని, తెలిసినవాడినని తన అర్హతలు చెప్పుకున్నారు (12: 55). తన అర్హత చెప్పుకోవడం ధర్మమే, కాని ఆయన చెప్పినదాంట్లో అక్షరం అబద్ధం లేదు. మోసగించేవాడు మనవాడు కాడని దైవప్రవక్త (స) అన్నారు (ముస్లిం). అబద్ధంతో చేరినవాడు ప్రతి తనిఖీకీ వణుకుతూ బతుకుతాడు. నిజమైన అనుభవం లేకపోతే ఉన్న నైపుణ్యాన్నే చూపించి చిన్న ఉద్యోగంతో మొదలుపెట్టండి. ఇప్పటికే ఈ ఊబిలో దిగినవారికి తౌబా ద్వారం తెరిచే ఉంది. ఆలస్యం చేయకుండా ఆలిమ్‌ను కలిసి, ఏం చేయాలో అడగండి.

మాట నిలబెట్టుకోవడం కూడా అమానతే. ఒప్పందాలను నెరవేర్చమని ఖుర్ఆన్ (5: 1) ఆజ్ఞాపించింది. రెండేళ్ళ బాండు ఉంటే సంతకానికి ముందే చదవండి, సంతకం తర్వాత నిలబడండి. ఒకచోట వస్తానని మాటిచ్చి, చేరాల్సిన రోజున ఫోను ఆపేసుకుని మరోచోట చేరకండి. మంచి అవకాశం కోసం మారడం నిషిద్ధం కాదు. నోటీసు కాలం పూర్తి చేసి, పని అప్పగించి, గౌరవంగా సెలవు తీసుకుని మారండి. ఎనిమిదేళ్ళతో ఆగే వీలున్నా పదేళ్ళు పనిచేసిన మూసా (అ) మనకు ఆదర్శం.

తల్లిదండ్రులకు ఒక మాట

అమ్మలారా, అయ్యలారా! మీ త్యాగం చిన్నది కాదు. బిడ్డ జీతంతో అప్పు తీర్చాలనీ, చెల్లెలి పెళ్ళి చేయాలనీ ఆశించడంలో తప్పు లేదు. కాని పక్కింటి అబ్బాయి ప్యాకేజీతో పోల్చి మీ బిడ్డను కించపరచకండి. ప్రాపంచిక విషయాల్లో తమకన్నా పైవారిని కాక, కిందివారిని చూడమని, అప్పుడే అల్లాహ్ అనుగ్రహాన్ని చిన్నచూపు చూడకుండా ఉంటారని దైవప్రవక్త (స) బోధించారు (ముస్లిం). ఇంటి నుంచి వచ్చే ఈ ఒత్తిడే చాలామంది పిల్లలను నకిలీ సర్టిఫికెట్ల దాకా, హరామ్ జీతం దాకా నెడుతోంది. "తక్కువైనా ఫర్వాలేదు బేటా, హలాల్‌ది తీసుకురా" అని తల్లి అన్న ఒక్క మాట ఆ బిడ్డకు కొండంత అండ.

మరొక విషయం చెప్పక తప్పదు. అబ్బాయి ప్యాకేజీ పెరిగితే జోడే రఖం పెరుగుతోంది. 10 లక్షల ప్యాకేజీకి ఇంత, విదేశీ ఉద్యోగానికి ఇంత అని ధర కడుతున్నారు. మూసా (అ) పెళ్ళి కోసం పదేళ్ళు తాను కష్టపడ్డారే గాని మామగారి దగ్గర తీసుకోలేదు. మహర్ ఇవ్వవలసినవాడు వరుడు. చదువుకున్న, సంపాదిస్తున్న ఇంజనీరు కూడా చేయి చాపితే ఇక ఆ చదువు దేనికి? అలాగే ఉద్యోగం చేసే ఆడబిడ్డ సంపాదన ఆమెదే. స్త్రీలు సంపాదించినదాంట్లో వారి భాగం వారిదని ఖుర్ఆన్ (4: 32) చెబుతోంది. ఆమె ప్రేమతో ఇస్తే తీసుకోండి, హక్కుగా గుంజుకోకండి.

నిర్ణయానికి ముందు

కాబట్టి యువ మిత్రులారా! ఆఫర్ చేతికి వచ్చినప్పుడు ఈ వరుసలో తూచండి. మొదట, పని హలాలా? రెండు, అబద్ధం లేకుండా దక్కుతుందా? మూడు, నా నమాజు, నా కుటుంబ బాధ్యతలు నిలుస్తాయా? నాలుగు, నా నైపుణ్యం పెరుగుతుందా? అయిదు, చేతికి ఎంత వస్తుంది? అయిదోది చివర ఉన్నంత మాత్రాన అనవసరమని కాదు. మొదటి నాలుగూ తేలాక ఎక్కువ జీతమిచ్చేదాన్ని నిస్సంకోచంగా ఎంచుకోండి. ధర్మసమ్మతంగా సంపాదించి, జకాత్ ఇచ్చి, బంధువులను ఆదుకునే చేయి పైచేయి. తీసుకునే చేతికన్నా ఇచ్చే చేయి మేలైనది.

ఆ రంగంలో పదేళ్ళు పనిచేసినవారితో సలహా సంప్రదింపులు జరపండి. ఆ తర్వాత రెండు రకాతుల నఫిల్ నమాజు చేసి ఇస్తిఖారా దుఆ చేసుకోండి. దైవప్రవక్త (స) ఈ దుఆను ఖుర్ఆన్ సూరా నేర్పినట్లు సహాబాకు నేర్పేవారని జాబిర్ (రజి) తెలిపారు (బుఖారీ). ఇస్తిఖారా అంటే కల కోసం ఎదురు చూడటం కాదు. ఈ పని నా దీన్‌కూ, నా జీవితానికీ మేలైతే సులభం చేయమని, కీడైతే దూరం చేసి, మేలు ఎక్కడున్నా దాన్నే ప్రసాదించి సంతృప్తినివ్వమని వేడుకోవడం. అటుపై అల్లాహ్‌పై భారం వేసి ముందడుగు వేయండి. ఆఫర్ చేజారినా కుంగిపోవద్దు. ఉపాధి ప్రదాత కంపెనీ కాదు, అల్లాహ్. నీడన కూర్చుని ఒక్క దుఆ చేసిన నిరుపేద యువకునికి ఆ రోజే పని, ఇల్లు, కుటుంబం చూపినవాడు ఆయనే.

ఓ అల్లాహ్! మా బిడ్డలకు పనిలో బలాన్ని, మనసులో అమానత్‌ను ప్రసాదించు. నీవు ధర్మసమ్మతం చేసినదాన్ని మాకు చాలినంతగా ఇచ్చి, నిషేధించినదాని అవసరం మాకు కలగనీయకు. వారి సంపాదనలో బర్కత్‌ను, తల్లిదండ్రుల కళ్ళకు చల్లదనాన్ని అనుగ్రహించు. ఆమీన్, యా రబ్బల్ ఆలమీన్!